కిందటిది

రాత్రి తొంభై ఏడు శాతం దగ్గర గంటసేపు నీలిగి
అయిపోయిందంది.
పొద్దున్న చూస్తే ఉలకదు, పలకదు.
నల్లటి తెర మూల ఒక గీత
కన్ను కొడుతోంది.

కిటికీ అవతల క్లైపెడా రేవు, పొగమంచులో ఓడ బూర.
వైదోతస్ పియానోలకు శ్రుతి చేసే మనిషి.
కంప్యూటర్ గురించి తెలిసింది సున్నా,
చెవులు మాత్రం రెండున్నాయి.
మీట నొక్కి విన్నాడు: ఒకే పొట్టి కూత.
"ఒంట్లో జబ్బేం లేదట," అన్నాడు,
"కూత మాత్రం పావు స్వరం దిగింది."
దంగువోలె నవ్వలేదు.
ఆరింటికి చర్చిలో పాట,
ముప్పై మంది కాగితాలు దాని కడుపులో.

ప్రింటర్ పీకాడు. మౌస్ పీకాడు.
మెమరీ పలక ఊడదీసి
మనవరాలి స్ట్రాబెర్రీ రబ్బరుతో దాని పళ్ళు తోమాడు.
గీత కన్ను కొడుతూనే ఉంది.

నాలుగింటికి, విసుగులో ఏ మీట మీద వేలుందో,
ఒక జాబితా లేచింది:
రాత్రిది.
దాని కింద, అయిదు వారాల కిందటిది.

కిందటిదాన్ని నొక్కాడు.
ఫ్యాన్ గొంతు సవరించుకుంది.
తెర మీద ఇసుకలో బోర్లించిన పడవ, వాళ్ళ పాత ఫొటో.

పీకిన ప్రింటర్ సంగతి మరిచి
దంగువోలె పదిసార్లు ప్రింట్ నొక్కింది,
అప్పుడు నవ్వింది.

కొత్త తీగ బిగించిన రోజే శ్రుతి నిలవదు.
సాగుతుంది. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ బిగించాలి.
నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే.
"అప్‌డేట్లు సిద్ధం, ఇప్పుడే మొదలెట్టనా?" అని తెర అడిగితే
నెట్ కేబుల్ ఊడబెరికి
శ్రుతిదండం ఉన్న జేబులోనే కుక్కుకుని
కోటు గుండీలు పెట్టుకున్నాడు.