తాలు

రెండు రోజుల శిక్షణ, ఒక పులిహోర పొట్లం, ఒక ఫారం.
ఫారంలో ఒక్కో పిల్లకీ ఎనిమిది గళ్లు:
మాట, లెక్క, బొమ్మ, ఒళ్లు, రాగం,
నలుగురితో మెలగడం, తనతో తాను మెలగడం, చెట్టూచేమా.
"ఏ గడిలో వెలుగుందో టిక్కు పెట్టండి మేడమ్"
అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు.
ఇరవై రెండేళ్లుగా నేను పెడుతున్నది ఒకటే టిక్కు:
ముప్పై అయిదు దాటిందా, లేదా.

తొమ్మిది బి. మార్చి నెల.
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
హాజరు పలకాల్సిన నోళ్లు తుమ్ములు పలుకుతాయి.

గ్రాఫు పాఠం మూడు రోజులు చెప్పాను.
సుద్ద అరిగింది గానీ మీరావలికి ఎక్కలేదు.
నాలుగో రోజు విసుగొచ్చి అడిగాను,
తెల్లారకుండానే ఎక్కడ తిరుగుతావురా, క్లాసులో తూగుతావు?
"పేపర్లేస్తా టీచర్, బ్రాడీపేటలో.
రెండు బై పది, మెట్ల మీద.
నాలుగు బై పద్నాలుగు, కుక్కుంది, గేటు పైనుంచి."
లైను ఇటు, అడ్డరోడ్డు అటు.
మారు మాట్లాడకుండా సుద్దముక్క చేతికిచ్చాను.
వాడు బోర్డు మీద సైకిలు తొక్కాడు.
ఒక్క బిందువూ జారలేదు.
వాడి కాళ్లకి ఎప్పుడో వచ్చిన పాఠాన్ని
మూడు రోజులుగా వాడి నెత్తిన మోపుతున్నాను.

ఆ రాత్రి టిక్కులు పెడుతుంటే
పండగ పూట ముగ్గేస్తున్నట్టే ఉంది.
సలోమి పేరు వచ్చింది.
సెలవుల్లో తల్లితో కోల్డ్ స్టోరేజికి పోయి తొడిమలు తీస్తుంది.
కళ్లు మూసుకుని తేజ ఏదో బాడిగ ఏదో
తోలు తడిమి చెప్పేస్తుంది.
"ఒళ్లు" గడిలో టిక్కు.
కింద "తగిన వృత్తి" అని ఒక గీత.
గుండ్రటి అక్షరాలతో రాశాను: మిర్చి గ్రేడింగు.
నా దస్తూరీ నాకే ముద్దొచ్చింది.

శనివారం తల్లిదండ్రుల సమావేశం.
కరుణమ్మ మంట పుట్టే వేళ్లని కొంగులో చుట్టుకుని కూచుంది.
సలోమి ఫారం పైకి చదివింది.
చివరి గీత దగ్గర గొంతు ఆగింది.
కరుణమ్మ నన్ను చూసి నెమ్మదిగా అడిగింది,
"మీ అబ్బాయి కాగితంలో ఏం రాశారమ్మా?"

మా అబ్బాయికి కాగితం లేదు.
వాడు బెజవాడ హాస్టల్లో, నాలుగో అంతస్తులో,
ఊచల కిటికీ పక్కన.
చిన్నప్పుడు కంచం కనపడితే దరువేసేవాడు.
ఇప్పుడు కంచం ముందు పెదాలు కదుపుతాడు,
ఫార్ములాలు.
వాణ్ణి ఏ గడిలో వెలుగుందని ఎవరూ అడగలేదు,
నేనూ అడగలేదు.
వాడికి ఒక గడి, అందులో తాళం.
వీళ్లకి ఎనిమిది గళ్లిచ్చి
అందులో ఒకటి నేనే ఎంచి తలుపేశాను.

"కాయలు నా చేతులకి తెలుసు టీచర్," అంది సలోమి.
"మా అమ్మకి కాటా దగ్గర ఎంత పోతోందో
అది తెలియట్లా. నాకు లెక్కలు కావాలి."

సోమవారం కరుణమ్మ కూలి చీటీ పుస్తకమైంది.
తూకం, తరుగు, శాతం.
రెండు వారాల తరుగు కూడితే
నూట ఎనభై నాలుగు రూపాయలు తేలింది.
క్లాసంతా మెదలకుండా కూచుంది,
ఎవరో ఒకడు తుమ్మేదాకా.

బెల్లయ్యాక డస్టరు దులుపుతూ అడిగాను,
తాలుకాయల్ని ఎట్లా ఏరతావే అంత వేగంగా?
"రంగు పోయినవి టీచర్.
అయినా తాలు అనే రకం ఏదీ లేదు.
కల్లంలో వాన తగిలితే, అడుగున పడి ఎండ తగలకపోతే,
తేజ అయినా తాలే."

ఫారం రబ్బరుతో తుడిచి తుడిచి
ఆ గీత దగ్గర చిరుగు పడింది.
అట్లాగే పంపాను.
తిప్పి పంపారు:
వృత్తి గడి ఖాళీగా ఉందట.

ఆదివారం బెజవాడ బస్సెక్కాను.
సంచిలో రెండు జతల బట్టలు, పచ్చడి సీసా,
అడుగున, ఎందుకు పెట్టానో,
ఒక పాత స్టీలు కంచం.