కర్మణి వాక్యం

గుంటూరు లాలాపేట రాత్రిబడిలో
పాసివ్ వాయిస్ చెబుతున్నాను:
'మిరపకాయల తొడిమలు తీయబడ్డాయి.'
తీసిందెవరో చెప్పకపోయినా
వాక్యానికొచ్చిన లోటేం లేదన్నాను.

వెనక బెంచీలో మస్తాన్‌బీ తుమ్మింది.
యార్డు నుంచి నేరుగా వస్తుంది
కొంగున ఘాటు మూటగట్టుకుని.
బెంచీలన్నీ తుమ్మాయి,
నేనూ.

"మరి కూలి ఎవరికిస్తారు సారూ,
ఆ వాక్యంలో?"

గ్రామరు పుస్తకం తిరగేశాను.
ఈలోగా తనే లేచొచ్చి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని
చివరి ఫుల్‌స్టాపు బొటనవేలితో చెరిపేసి
'బై' అని రాసింది.
పక్కన తన పేరు,
ఒక అక్షరం తక్కువతో.
క్యాపిటల్ లెటరు మాత్రం మరిచిపోలేదు.

సుద్దముక్క తిరిగిచ్చింది.

పడుకునే ముందు కన్ను నలుపుకున్నాను.
ఎన్ని నీళ్లు కొట్టినా
మంట.