ముందు కాస్త బిగించు

ఈరీలో మార్చి వచ్చిందంటే
చలి ఇంకా పోలేదనే లెక్క.
సరస్సు మీది గాలి తుక్కు యార్డు రేకుల్ని
ఒకటే వాయిస్తోంది.
సిలిండర్ హెడ్‌కి తొంభై డాలర్లు చెప్పింది బ్రోనియా.
"మరి ఇందులో విరిగిన బోల్టుకో?" అన్నాను.
"అది ఊరికే" అంది, నవ్వకుండా.

గ్యారేజీ బల్ల మీద పాత దుప్పటి పరిచి
దాన్ని పడుకోబెట్టాను.
ఎగ్జాస్ట్ వైపు, మూడో రంధ్రంలో
తల తెగిన బోల్టు,
అంచుతో సమంగా,
పట్టుకోడానికి గోరంతైనా మిగల్చకుండా.
ఎవడో తొందరపడ్డాడు.
ఏ చీకటివేళో, ఏ ఇంటి గొడవ మధ్యనో
పానాకి గొట్టం తొడిగి ఒంటి బరువంతా వేసుంటాడు.
టప్పుమని ఉంటుంది.
పేరు తెలియని ఆ మనిషి కోపం
ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది, తుప్పు పట్టి.

ఈ ఊరి రోడ్లు ఏటా నాలుగు నెలలు ఉప్పు తింటాయి.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు మావాళ్ళు.
ఇక్కడ తినేది రోడ్డు, తాగేది ఇనుము.

మూడు రాత్రులు నూనె పోశాను, చుక్కచుక్కగా.
డ్యూటీకి పోయేముందు ఓసారి, వచ్చాక ఓసారి,
జ్వరపడ్డ పిల్లకి మందు పట్టినట్టు.
ఆసుపత్రిలో నా పని రక్తం తీయడం.
నరం అందని ముసలి చేతుల మీద
కళ్ళు మూసుకుని వేలికొసతో వెతుకుతాను.
అదే వేలితో ఈ బోల్టు నడిమధ్య వెతికాను.
వెంట్రుకవాసి పక్కకి పోతే చాలు,
మెత్తటి అల్యూమినియం, మరలు చీరుకుపోతాయి.

ముల్లుని ముల్లుతోనే తీయాలన్నారు సరే,
ఆ ముల్లూ లోపలే విరిగితే?
ఎక్స్‌ట్రాక్టర్ పెట్టె మూత మూసేసి
పక్కింటి డెల్రాయ్‌ని పిలిచాను.
రైలింజన్ల ఫ్యాక్టరీలో
ముప్ఫయ్యేళ్ళు వెల్డింగ్ చేసిన చెయ్యి.
మొండెం మీద ఓ నట్టు నిలబెట్టాడు.
నీలంగా ఓ మెరుపు.
అది ఎర్రబడి, నల్లబడి, చల్లారేదాకా
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పానా ఎడమకి తిప్పబోతే ఆపాడు.
"కుడికి. ముందు కాస్త బిగించు.
విప్పుతున్నామని దానికి తెలియనివ్వకు."

బిగించాను. రవ్వంత.
అప్పుడు వినపడింది,
ఎన్నేళ్ళుగానో తీయని గడియ మూలిగినట్టు
చాలా చిన్నగా, కిర్రుమని.
తర్వాత ఎడమకి. ఇంకాస్త నూనె. మళ్ళీ కుడికి.
అర తిప్పు వదిలితే పావు తిప్పు బిగించి,
మళ్ళీ వదిలి.
ఎర్రటి పొడి రాలుతూ రాలుతూ
అంగుళం ముక్క
నా అరచేతిలోకి వచ్చింది, ఇంకా వెచ్చగా.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
రక్తం వాసనే.

డెల్రాయ్ అటు చూడనైనా చూడలేదు.
చేతి తొడుగులు సగం విప్పి
నాలుగో బోల్టు మీద టార్చి వేసి వంగాడు.
"ఇదీ అనుమానంగానే ఉంది" అన్నాడు.

టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.