ఇంటి దొంగ

హెల్సింకిలో విమానం ఎగరలేదు, మంచు.
అందుకని పెట్టె రోడ్డెక్కింది.

ఓస్మో వ్యాను వెనక
పాలక్యానంత పొడుగు స్టీలు పాత్ర,
దాన్నిండా నత్రజని ఆవిరి,
ఆవిరి నడుమ అరచేతి వెడల్పు సంచి.
లోపల సున్నాకి కింద నూటయాభై.
బయట ఇరవయ్యేడే.
"బయట ఎండాకాలంరా" అన్నాడు
పెట్రోలు బంకు కుర్రాడితో.
కుర్రాడికి అర్థం కాలేదు.

పాతికేళ్ళు హెర్రింగు చేపలు మోసిన చేతులు.
చేప ఆలస్యమైతే కంపుకొట్టి చెప్పేది.
ఇది చెప్పదు.
కాయితం మీద పేరు కూడా లేదు, అంకె ఉంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పరాయివాడైతే కుక్కయినా మొరిగేది.
వీడు ఈ ఇంట్లోనే పుట్టాడు,
ఈ కంచంలోనే తిన్నాడు,
ఈ ఇంటిపేరే పెట్టుకు తిరిగాడు.
నెత్తుట్లో కావలి కాసే తెల్లకణం
రోజూ ఎదురుపడి, కులాసానా అని
పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఐదు వారాల కింద
ఆ కావలివాళ్ళనే బయటికి పిలిచారు.
రెండు చేతులకీ రెండు గొట్టాలు, నాలుగు గంటలు.
దేశం దాటించి, ఎక్కడో ల్యాబులో,
కోరలు పీకిన వైరస్ వీపున
ఒక కొత్త పాఠం కట్టి లోపలికి తోలారు:
మొహం చూడొద్దు. మాట నమ్మొద్దు.
భుజం మీద మచ్చ ఉందా, అదొక్కటే చూడు.
ఆ మచ్చ ఉన్న అమాయకులూ పోతారు.
ఆ సంగతి డాక్టర్లు దాచలేదు.

కోక్కొలా దాటాక రోడ్డుకడ్డంగా
ఒక మూస్ దుప్పి, పక్కన దూడ.
ఓస్మో హారన్ కొట్టలేదు.
ఇలాంటి జబ్బుతోనే తమ్ముడు కలేవి పోయి పదకొండేళ్ళు.
అప్పుడీ పెట్టె లేదు.
అప్పుడు తను చేపలే మోసేవాడు.
దూడ దాటేదాకా ఆగి
గేరు మార్చాడు.

తెల్లారకముందే ఔలు ఆసుపత్రిలో సంతకం పెట్టించుకుని,
ఖాళీ చేతులతో కాఫీ మెషీను దగ్గర నిలబడ్డాడు.
అంతే. అతనింక ఈ కథలోకి రాడు.

అంకెకి పేరుంది: ఇర్మెలి.
ముప్పయ్యెనిమిదేళ్ళుగా పియానోలకు శ్రుతి చేస్తోంది.
జబ్బు తిరిగొచ్చింది మూడోసారి.
సంచి ఎక్కించడానికి పట్టింది పావుగంట.
మొక్కజొన్న పులిసిన వాసన వేసింది గదంతా.

నర్సు వెన్లా రోజూ పొద్దున్నే
కాయితమిచ్చి ఒక వాక్యం రాయమంటుంది.
లోపల పోరు మెదడుదాకా పాకితే
ముందు చేతిరాతే చెబుతుందట.
మొదటిరోజు రాసింది:
హాల్లో పియానో శ్రుతి దిగింది.
రెండోరోజూ అదే. మూడోరోజూ.
నాలుగోనాడు జ్వరం.
ఐదోనాడు పియానో దగ్గరికొచ్చేసరికి
అక్షరాలు చేట జారిన గింజలు.
ఆరోనాడు
ఒక గీత.

వెన్లా ఆ గీత కింద తేదీ వేసింది,
అదీ వాక్యమే అన్నట్టు.

ఏవేవో మందులు. రాత్రుళ్ళు లెక్కలేదు.
తొమ్మిదోనాడు: హాల్లో పియానో
పదోనాడు: శ్రుతి దిగింది.

పక్కగదిలో రగ్నార్ అనే బడిపంతులు,
అదే వారం, అదే వైద్యం.
పనిచెయ్యలేదు.
ఎందుకో తెలీదు, వెతకండని
నాలుగు గొట్టాల నెత్తురు వాళ్ళకిచ్చి
ఇంటికెళ్ళాడు, కూతురి కారులో.
ఇప్పటికీ వెతుకుతున్నారు.

నెలకి స్కాను.
డాక్టరమ్మ "పోయింది" అనలేదు,
"కనబడటం లేదు" అంది.
ఆ రెండు మాటల మధ్య ఎడం
ఇర్మెలి చెవితో కొలిచింది, అలవాటుగా.
ఏ పియానోకీ శ్రుతి పూర్తిగా కుదరదు.
రవ్వంత అబద్ధం
అన్ని మెట్లకీ పంచిపెట్టాలి,
అప్పుడే పాట నిలబడుతుంది.

ఇంటినుంచి తాళంచెవి తెప్పించమంది.
ఇంటిదా? అడిగింది వెన్లా.
కాదమ్మా,
పియానోది.