తడవని రాయి

రాత్రి రెండున్నర. అటకామా ఎడారి మీద
చుక్కలు తప్ప తడిగా మెరిసేవేవీ లేవు.
మూడో వరస తొట్ల పక్కన, ఇనుప నడవా మీద
ఎదెల్మీరా కోల్కె వంగి నురగను చూస్తోంది,
పాలు పొంగే వేళ పొయ్యి వదలనట్టు.

కొండను పిండి చేశారు. పిండిని నీళ్ళలో కలిపారు.
ఆ బూడిదరంగు జావలో
రాగిరాయి ఏదో, వట్టిరాయి ఏదో
కంటికి తెలీదు, వేలికి తెలీదు.
బుడగకు తెలుస్తుంది.

పైన పటారం లోన లొటారం అని వెక్కిరిస్తాం కదా,
ఈ తొట్టిలో లోపలి సంగతి అడిగే నాథుడు లేడు.
రేణువు ఒంటి మీద ఒక్క అణువు మందాన పూత.
పైకో పాతాళానికో
అక్కడే తేలిపోతుంది.

శాంథేటు పసుప్పచ్చటి పొడి, కుళ్ళిన క్యాబేజీ కంపు.
దాని తల రాగిని పడితే వదలదు,
తోకకు నీళ్ళంటే గిట్టదు.
అది పట్టిన రేణువు నీటితో అంటీముట్టనట్టు మారిపోయి
దారినపోయే గాలిబుడగను కావలించుకుంటుంది.
పలుగురాయి పిండి మాత్రం నీటిని ప్రేమిస్తుంది.
ప్రేమించింది గనకే మునుగుతుంది.

ఈ మాట మొదటిరోజు విన్నప్పుడు
ఎదెల్మీరా నవ్వలేదు.
వాళ్ళ ఊళ్ళో కాలువ మొక్కజొన్నకూ లామాలకూ
వంతులవారీగా పారేది.
నీళ్ళు పోయి కొంపలు మునిగిన ఊరు అది.
ఇప్పుడు సముద్రాన్నే గొట్టాల్లో కొండెక్కిస్తున్నారు.

ఈ రాత్రి మాలిబ్డినం లేవడం లేదు.
పుట్టుకతోనే నీటితో ఎడమొహం పెడమొహం దానికి.
ఎవరి పూతా అక్కర్లేనిది,
పెన్సిల్ ములుకులా వేలికి మసి పూసేది,
అలాంటిది అడుగున కూచుంది.
నురగ పాలిపోయింది. బుడగలు
ఎవర్నీ ఎక్కించుకోకుండానే పగిలిపోతున్నాయి.

"ఇంకాస్త డీజిలు పోద్దాం" అన్నాడు బస్తియాన్ ఒయార్సూన్,
వాల్దీవియా వానల్లో పెరిగినవాడు,
చేరి పదకొండు రోజులు.
పోశారు. లేవలేదు.
మళ్ళీ పోశారు.

ఆమె పళ్ళెంలో కాస్త జావ ముంచి దీపం కింద వంచింది.
వేళ్ళ మధ్య రుద్దింది. మసి అంటలేదు.
జిగురు. గంజి మీది తెట్టులాంటి జిగురు.
"సున్నం ఎంతలో ఉంది?"
"పదకొండు పాయింట్ రెండు. పైరైటును అణచాలి కదా."
"మంచినీళ్ళకైతే సరే. ఇది సముద్రం, పిల్లాడా.
సున్నం ఎక్కువైతే దాని మెగ్నీషియం పాలు విరిగినట్టు విరిగి
దొరికినవాడికల్లా దుప్పటి కప్పుతుంది.
నీళ్ళంటే పడనివాడికి నీటిచొక్కా తొడిగి
తేలరా అంటే ఎట్లా తేలతాడు?"

సున్నం కవాటం ముప్పావు చుట్టు మూసింది.
ఇరవై నిమిషాలు.
ఆమె అవకాడో రాసిన రొట్టె తింది.
అతను గడియారం చూశాడు, తొట్టిని చూశాడు,
ఆమెను చూడలేదు.

ముందు ఒక మూల. తర్వాత అంచు వెంబడి.
సీసపు రంగు, దాంట్లో నీలం జీర,
నెమ్మదిగా బరువెక్కి
నురగ తొట్టి పెదవి దాటి ఒలికింది.
వెనకాలే ఇత్తడి రజనులా కాస్త పైరైటు.

"వచ్చాడుగా దొంగ" అన్నాడు బస్తియాన్.
"రానీ. వాడికి వేరే మందుంది.
అందరికీ ఒకే సున్నం కొట్టకు."

తెల్లారి షిఫ్టు దిగి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది, రెండుసార్లు.
కంపు పోదు. ఇరవై ఆరేళ్ళుగా పోలేదు.
బస్సులో ఆమె పక్క సీటు
ఎప్పటిలాగే ఖాళీ.
కాళ్ళు చాపుకుని
కలామా వచ్చేదాకా నిద్రపోయింది.