చేతులు మారే కాడ

మే నెల, నాచారం. ల్యాబ్‌లో ఏసీ మళ్లీ పడుకుంది.
బీకరులో రెజిన్, అందులో చిటికెడు మసి.
మసి కాదు, కర్బన గొట్టాలు. వెంట్రుకను
యాభై వేల పాయలుగా చీలిస్తే ఒక పాయంత సన్నం.

ఒంటరిగా కొలిస్తే ఒక్కోటీ
రాగికి సిగ్గు తెప్పిస్తుంది:
ఈ కొసను వేడి ముట్టుకునేసరికి
ఆ కొసకు అప్పటికే తెలుసు.

కలిపి, గట్టిపరచి, బిళ్ల చేసి కొలిచాను.
సున్నా పాయింట్ రెండు కాస్తా
సున్నా పాయింట్ నాలుగైంది. అంతే.
మిగతా మూడు వేలు ఎటు పోయినట్టు?

ఫర్నేసు బాగుచేయడానికొచ్చిన అజ్మత్ భాయ్
నా మొహం చూసి ఏమైందన్నాడు.
చెప్పాను. పానా కింద పెట్టాడు.
"తలాబ్ కట్టల కట్టెల అడితి కాలినప్పుడు
బాయి కాడికెల్లి వరుసగ నిలబడ్డం, నలభై మందిమి.
బకెట్ నిండ బయల్దేరేది, మంట కాడికి చెంబెడు.
నీళ్లు చేతుల్ల పోలే బేటీ,
చేతులు మారే కాడ పోయినయి."

ఆ రాత్రి గొట్టాలను ఆమ్లంలో నానబెట్టాను.
నున్నటి ఒంటికి గాట్లు పడితేనే
రెజిన్‌ను పట్టుకునే వేళ్లు మొలుస్తాయి.
గాట్లు ఎక్కువైతే దారే తెగుతుంది.
ఎన్ని గంటలో ఏ పేపరూ సరిగా చెప్పదు.

నాలుగో రోజు, సున్నా పాయింట్ ఆరు.
రిజిస్టరులో రాశాను, పెన్సిలుతో.

బయట రేకుల నీడలో అజ్మత్ భాయ్
టీ గ్లాసు అంచు పట్టుకుని అందించాడు,
అడుగు పట్టుకుని తీసుకున్నాను.
ఒక్క చుక్క ఒలికింది.
ఇద్దరం దాన్నే చూశాం.