ఎండకి ఖర్చయ్యే నీలం

చక్రం ఆపు, జెనివాల్దో.
నీళ్ళు పోయకుండా ఆనిస్తే
రాయి అరవదు, పగులుతుంది.
ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

ఇలా వెలుగులోకి రా.
ఆరు పలకలూ లెక్కపెట్టు,
కంటితో కాదు, వేలితో.
మొదటిరోజు పెన్సిల్‌లా ఉందన్నావు.
బాగానే అన్నావు.
కొండ దీన్ని చెక్కీ చెక్కీ
ఏం రాయాలనుకుందో మరిచిపోయి ఉంటుంది.

బెరిల్‌కి సొంత రంగంటూ లేదురా.
కడిగి బోర్లించిన గ్లాసు, అంతే.
ఇనుము ఒకలా తగిలితే సముద్రం,
ఇంకోలా తగిలితే తేనె.
మాంగనీసు వేలుపెడితే చంటిపిల్ల చెవితమ్మె.
క్రోమియం దూరితే పచ్చ.
ఆ పచ్చకి పొగరెక్కువ, ఒళ్ళంతా పగుళ్ళు,
నూనె తాగితేగానీ బజారుకి రాదు.
మచ్చనే మనం రంగంటున్నాం.
మచ్చలేనిదాన్ని
మొన్న ఒకడు కిలోల లెక్కన అడిగాడు.

గాజుని గీస్తుంది, కత్తికి లొంగదు.
అయినా కింద పడేయకు.
గట్టిదనం వేరు, ఓర్చుకోవడం వేరు.
మా నాన్న ఒరోజింబోకి
మొదటిదే ఉండేది.

జెకిచిన్యోన్య నది పొంగిన ఏడు
గోతిలోంచి ఒక కడ్డీ తెచ్చాడాయన.
వేలెడంత. నీలం అంటే నీలం,
దీపం ఆర్పాక కూడా కళ్ళలో మిగిలేంత.
గునపం తగిలి రెండయింది.
ఒకటి నాకు, ఒకటి చెల్లెలు దర్సీలియాకి.

నేను మెళ్ళో వేసుకున్నా.
చర్చికి, సంతకి,
బట్టలుతకడానికి నదికి.
అది మంచిరోజు కోసమని
దూదిలో చుట్టి కాఫీడబ్బాలో పెట్టింది.

నాలుగు నెలలకి నాది
చల్లారిన టీ రంగుకి దిగింది.
దొంగరాయి అన్నారు ఊళ్ళో.
నాన్న మూడురోజులు కంచం ముట్టలేదు.
ఎవరూ మోసం చెయ్యలేదు, జెనివాల్దో.
కొన్ని నీలాలంతే,
ఎండకి ఖర్చయిపోతాయి.

గుర్తుపట్టడం నేర్చుకో.
మామూలు అక్వామరీన్
పక్కనుంచి చూస్తే ముదురు,
తలమీంచి చూస్తే ఉత్త నీళ్ళు.
ఇది తలకిందులు.
తలమీంచి తొంగిచూస్తే బావి.

జూన్‌లో దర్సీలియా పోయింది.
కూతురు బస్సు డ్రైవరుచేత డబ్బా పంపింది.
రాత్రి తీశాను.
నలభై ఆరేళ్ళ నీలం,
చుక్క తగ్గలేదు.
దూదికి తప్ప ఎవరికీ తెలీని నీలం.
మంచిరోజు రాలేదేమో.
వచ్చినవాటిలో ఏదీ దానికి సరిపోలేదేమో.
అడగడానికి అదిలేదు.

ఇదిగో నాది. ఏముంది ఇందులో?
కానీ ఇంకా కాస్త నీలం ఉండగానే
జూన్ మంటల పండగలో ఒకడు
దీన్నే చూస్తూ ఆడి నా కాలు తొక్కాడు.
ఆ నొప్పి పెళ్ళిదాకా వచ్చింది.

సావోపౌలోలో యంత్రాలున్నాయట,
కిరణాలు పట్టించి నీలం మళ్ళీ ఎక్కిస్తారట.
మళ్ళీ పోతుందట.
పోనీ.

పదింటికి వ్యాపారి వస్తాడు.
డబ్బాలోది నీడలో చూపిస్తే
నీ ఏడాది జీతం.
నీకు తెలుసు, నాకూ తెలుసు.
కిటికీ తలుపు తియ్యి.
రెండూ పక్కపక్కన పెట్టు, ఎండ పడేచోట.
దర్సీలియాది ఇంకాస్త ముందుకి జరుపు.
ఆఁ, అక్కడ.

ఇక నీళ్ళు పోసి
చక్రం తిప్పు.